ఆగని స్క్రిప్టుతోనే అసలు చిక్కు

ఫైల్లోని సమాచారాన్ని డేటాబేస్‌లోకి ఎక్కించే స్క్రిప్టు మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే, అది మనకు మేలు చేసినట్టే. ఎక్కడ ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో కొంతైనా చెబుతుంది, సరిచేసుకునే వీలుంటుంది. చిన్న హెచ్చరిక కూడా లేకుండా చివరిదాకా నడిచి, 'పూర్తయింది' అని ముగించిన స్క్రిప్టునే అనుమానించాలి. టేబుల్లో కొన్ని వరుసలు తగ్గి ఉండొచ్చు. పుట్టిన తేదీలు తారుమారై ఉండొచ్చు. ఊరి పేరు చివర కంటికి కనిపించని గుర్తు ఒకటి అతుక్కుని ఉండొచ్చు. ఇవి బయటపడేది నెలల తర్వాత, ఎవరికో అందాల్సింది అందనప్పుడు.

ఒక మండలంలోని పింఛనుదారుల జాబితాను ఉదాహరణగా తీసుకుందాం. పేరు, ఇంటి నంబరు, ఊరు, పుట్టిన తేదీ, ఆధార్, బ్యాంకు ఖాతా, మొత్తం. మనిషికో వరుస, వివరానికీ వివరానికీ మధ్య ఒక కామా. ఫ్లాట్ ఫైలంటే ఇంతే. ఏ కాలమ్‌లో అంకెలే ఉండాలి, ఏది తేదీ, ఏది ఖాళీగా ఉండకూడదు అన్నవేవీ అందులో రాసి ఉండవు. డేటాబేస్ టేబుల్ అలా కాదు. ప్రతి కాలమ్‌కూ ఒక రకం, ఒక పొడవు, ఒక నియమం ముందే నిర్ణయించి ఉంటాయి. ఏమీ చెప్పని ఫైలుకూ అన్నీ అడిగే టేబుల్‌కూ మధ్య ఉన్న ఖాళీని స్క్రిప్టు ఊహలతో నింపుతుంది. తప్పులు పుట్టేది ఆ ఊహల్లోనే.

పైగా ఫైలుకు గట్టి నియమావళి కూడా లేదు. కామాలతో వేరుచేసిన జాబితాలను, అంటే సీఎస్‌వీలను, 1970ల నుంచే కంప్యూటర్లు చదువుతున్నాయి. ఆ పద్ధతిని కాగితం మీద పెట్టిన ఆర్‌ఎఫ్‌సీ 4180 వచ్చింది మాత్రం 2005 అక్టోబరులో. అది కూడా సమాచారం కోసం ఇచ్చిన పత్రమే తప్ప అందరూ పాటించి తీరాల్సిన ప్రమాణం కాదు. అందుకే ఒకరు పంపిన సీఎస్‌వీ ఇంకొకరి సీఎస్‌వీలా ఉండదు.

అసలు కదలని స్క్రిప్టుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మైఎస్‌క్యూఎల్‌లో 'లోడ్ డేటా' ఆదేశాన్ని 'లోకల్' అనే మాట లేకుండా ఇస్తే, ఫైలును వెతికేది మన ల్యాప్‌టాప్‌లో కాదు, సర్వరు నడుస్తున్న మెషీన్‌లో. ఫైలు కళ్లముందే ఉన్నా 'దొరకలేదు' అనే జవాబు రావడానికి చాలాసార్లు ఇదే కారణం. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు 'కాపీ'కీ, ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి రాసే 'కాపీ'కీ తేడా కూడా ఇదే. ఇంకో చిక్కు పైథాన్ వాడేవాళ్లకు బాగా ఎదురవుతుంది. స్క్రిప్టు అన్ని వరుసలూ పంపుతుంది, ఎర్రర్ ఉండదు, తీరా చూస్తే టేబుల్ ఖాళీ. పైథాన్ డేటాబేస్ డ్రైవర్లు మామూలుగా మనం 'కమిట్' అనేదాకా దేన్నీ ఖాయం చేయవు. కమిట్ లేకుండా కనెక్షన్ మూసేస్తే చేసిందంతా వెనక్కి పోతుంది.

ఎర్రర్లు వేలల్లో వస్తుంటే మొదటిది మాత్రమే చదవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ట్రాన్సాక్షన్ మధ్యలో తప్పు జరిగితే, ఆ తర్వాత పంపే ప్రతి ఆదేశానికీ 'ఈ ట్రాన్సాక్షన్ రద్దయింది' అన్న ఒకే జవాబు వస్తుంది. స్క్రీన్ నిండా అదే కనిపిస్తుంది కాబట్టి దాన్నే జబ్బు అనుకుంటారు. అసలు కారణం ఎప్పుడో పైకి జరిగిపోయి ఉంటుంది. లాగ్ ఫైలును మొదటి నుంచి చదవమని చెప్పేది ఇందుకే.

ఎర్రర్ చూపించే వరుస నంబరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. డబుల్ కోట్స్ ఉన్న ఫైళ్లలో ఇది మరీ నిజం. ఒక హార్డ్‌వేర్ కొట్టు స్టాకు జాబితా ఉందనుకోండి. అందులో పైపు సైజు రాసేటప్పుడు అంగుళాలకు గుర్తుగా ఆరు పక్కన డబుల్ కోట్ పెట్టారు. సీఎస్‌వీ నియమంలో ఆ గుర్తుకు అర్థం వేరు: ఇక్కడి నుంచి మళ్లీ ఇదే గుర్తు వచ్చేదాకా ఉన్నదంతా ఒకే వివరం. గుర్తు కాలమ్ మొదట్లో పడితే చాలు, చదివే ప్రోగ్రాం కామాలనూ, లైను మార్పులనూ, కింది వరుసలనూ ఒకే గడిలోకి మింగుకుంటూ పోతుంది. పైథాన్ సీఎస్‌వీ లైబ్రరీ ఒక్క గడికి 1,31,072 అక్షరాల హద్దు పెట్టింది. గడి ఆ హద్దు దాటిందన్న ఎర్రర్ వస్తే, అంత పెద్ద వివరం నిజంగా ఉండటం అరుదు. పైన ఎక్కడో మూయని కోట్ ఉండటమే ఎక్కువ. హద్దు దాటకముందే రెండో కోట్ దొరికితే అసలు ఎర్రరే రాదు. నలభై వరుసలు ఒక గడిలో ఇరుక్కుని, టేబుల్లో ఆ మేరకు తగ్గుతాయంతే.

పది లక్షల వరుసల్లో తేడా చేస్తున్న ఒక్క వరుసను పట్టుకోవాలంటే సగానికి చీల్చుకుంటూ పోవడం మంచి మార్గం. మొదటి సగం ఎక్కించి చూడండి. సాఫీగా ఎక్కితే తప్పు రెండో సగంలో ఉంది. దాన్ని మళ్లీ సగం చేయండి. ఒకటిని ఇరవైసార్లు రెట్టింపు చేస్తే 10,48,576 వస్తుంది కాబట్టి, పది లక్షల్లో ఒకటి ఇరవై చీలికల్లో దొరికిపోతుంది. శీర్షికల వరుసను ప్రతి ముక్క పైనా మళ్లీ పెట్టడం మరవకూడదు. కోట్స్ మధ్య నుంచి చీల్చితే మాత్రం కొత్త తప్పులు మనమే పుట్టించినట్టవుతుంది.

ఇక చప్పుడు చేయని తప్పులకు వద్దాం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఇవే.

మనం లక్షా పాతికవేలను 1,25,000 అని రాస్తాం. కోట్స్ లేకుండా అది సీఎస్‌వీలో పడితే మూడు ముక్కలవుతుంది: 1, 25, 000. మొత్తం అన్నది చివరి కాలమ్ అయితే ఆ మనిషి ఖాతాలో పడేది ఒక్క రూపాయి. మిగిలిన రెండు ముక్కలకూ చోటు ఉండదు. పోస్ట్‌గ్రెస్ అయితే కాలమ్‌ల కంటే ఎక్కువ సమాచారం ఉందని చెప్పి అక్కడే ఆగిపోతుంది, మొత్తం లోడును తిరస్కరిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో 'లోకల్' పద్ధతిలో లోడ్ చేస్తే మిగులు ముక్కలను పారేసి, వార్నింగుల లెక్కను ఒకటి పెంచి, ముందుకు సాగిపోతుంది. లోడ్ ముగిశాక అది ఒక చిన్న లైను చూపిస్తుంది. ఎన్ని రికార్డులు చదివింది, ఎన్ని చెరిపింది, ఎన్ని వదిలేసింది, ఎన్ని వార్నింగులు అని నాలుగు అంకెలు. స్క్రిప్టు రాసినవాళ్లలో చాలామంది ఆ లైనును లాగ్‌లోకైనా పంపరు. వార్నింగ్ సున్నా కాకపోతే స్క్రిప్టును ఆపేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

లైను చివర కనిపించని గుర్తుల కథ టెలిప్రింటర్ల కాలం నాటిది. అచ్చు వేసే తలను ఎడమ అంచుకు తెచ్చే సంకేతం ఒకటి, కాగితాన్ని ఒక గీత పైకి జరిపే సంకేతం ఇంకొకటి. విండోస్ ఫైళ్లు ఇప్పటికీ ఆ రెండింటినీ వరుస చివర పెడతాయి. లినక్స్ రెండోదాన్నే వాడుతుంది. విండోస్‌లో తయారైన ఫైలును లినక్స్ అలవాటుతో చదివితే మొదటి సంకేతం చివరి కాలమ్‌కు అతుక్కుని టేబుల్లోకి వెళ్లిపోతుంది. చివరి కాలమ్ ఊరి పేరనుకోండి. స్క్రీన్ మీద 'నందిగామ' అనే ఉంటుంది. 'నందిగామ' అని వెతికితే ఒక్క వరుసా రాదు. ఇలాంటప్పుడు పేరును చూడటం మానేసి పేరు పొడవును అడగాలి. ఉండాల్సిన దానికంటే ఒకటి ఎక్కువ వస్తే సంగతి తేలిపోతుంది. ఫైలు మొదట్లోనూ ఇలాంటిదే ఒకటి దాక్కుంటుంది. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా దాచిన ఫైలు మొదట మూడు బైట్ల గుర్తు చేరుతుంది. దానివల్ల మొదటి కాలమ్ పేరు ఒక్కటే సరిపోలదు, మిగతావన్నీ సరిగ్గా ఉంటాయి. మొదటి కాలమ్ మాత్రమే మొండికేస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

తేదీల దగ్గర లెక్క వేసి చూస్తే భయమేస్తుంది. మనం రోజు, నెల, సంవత్సరం అని రాస్తాం. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది. 25/04/2019ని ఆ పద్ధతిలో చదవబోతే 25వ నెల లేదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. 03/04/2019కి రాదు, ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది. ఏడాదిలో ప్రతి నెలా మొదటి పన్నెండు రోజులు ఇలా రెండు విధాలా చెల్లుతాయి. అవి 144. వాటిలో 05/05 లాంటివి పన్నెండింటికి ఏ పద్ధతైనా ఒకటే. మిగిలిన 132 తేదీలు కిమ్మనకుండా తప్పుగా ఎక్కుతాయి. రోజూ దరఖాస్తులు నమోదయ్యే ఫైలును నెల పదో తేదీన పరీక్షించారనుకోండి, అందులో ఆ నెల తేదీలే ఉంటే ఒక్క ఎర్రర్ కూడా రాదు. పైథాన్‌లో తేదీలను ఊహించి చదివే డేట్‌యుటిల్ లైబ్రరీతో ఇంకా జాగ్రత్త కావాలి. అది మామూలుగా నెలను ముందు చదువుతుంది. 12 దాటిన అంకె మొదట కనిపిస్తే మాత్రం తనంతట తానే తిప్పుకుని రోజుగా తీసుకుంటుంది. ఒకే ఫైల్లో కొన్ని తేదీలు ఒక పద్ధతిలో, కొన్ని ఇంకో పద్ధతిలో పడతాయి. తేదీ రూపాన్ని స్క్రిప్టులో స్పష్టంగా రాసి తీరాలి, ఊహించనివ్వకూడదు.

చాలాసార్లు ఫైలు మన దగ్గరికి వచ్చేసరికే పాడై ఉంటుంది. ఎవరో దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, చూసి, సేవ్ చేసి మూసేసి ఉంటారు. హైదరాబాద్‌లో 3-4-12 లాంటి ఇంటి నంబర్లు ఉంటాయి. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. 12 అంకెల ఆధార్ సంఖ్యను దశాంశంతో, పదో ఘాతంతో కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైల్లోకి వెళ్తుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు ముందరి సున్నాను పోగొట్టుకుంటుంది. అంకెలు పదిహేను దాటితే ఆపైనవన్నీ సున్నాలైపోతాయి. ఇలా పోయిన అంకెలను ఏ స్క్రిప్టూ తిరిగి తేలేదు, మూల ఫైలునే మళ్లీ అడగాలి. జన్యుశాస్త్రజ్ఞులకు ఈ బాధ బాగా తెలుసు. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లలో జతచేసిన పరిశోధనా పత్రాల్లో దాదాపు అయిదో వంతుకు ఈ తరహా తప్పులున్నాయని 2016లో 'జీనోమ్ బయాలజీ' పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే సంఘమే ఆ పేర్లను సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని మార్చింది.

తెలుగులో ఉన్న సమాచారానికి ఈ చిక్కులన్నీ ఉన్నాయి, మరికొన్ని కూడా. యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒకటే చాలు. 'హైదరాబాద్' అన్న మాటలో తొమ్మిది సంకేతాలున్నాయి. ఇంగ్లిషు స్పెల్లింగులోనూ తొమ్మిది అక్షరాలే. ఇంగ్లిషులో 9 బైట్లు, తెలుగులో 27. ఒరాకిల్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే కాలమ్ పొడవును బైట్లలో కొలుస్తుంది. ఇంగ్లిషు పేర్లు చూసి 20 అని పెట్టిన కాలమ్‌లో హైదరాబాద్ పట్టదు. ఒరాకిల్ ఫైళ్లను ఎక్కించే ఎస్‌క్యూఎల్ లోడర్, పొడవు చెప్పని గడికి 255 బైట్లు అనుకుంటుంది. తెలుగులో అది 85 సంకేతాలు. కాస్త పొడవైన చిరునామా దాటిపోతుంది. ఆ వరుసలు 'బ్యాడ్ ఫైలు'లోకి వెళ్తాయి, టేబుల్లోకి రావు.

ఎన్‌కోడింగ్ తప్పితే కనిపించే గజిబిజిని చూసి జబ్బును గుర్తుపట్టొచ్చు. తెలుగు సంకేతం మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. రెండో బైటు రెండిట్లో ఒకటి. అందుకే తెలుగు ఫైలును పాత విండోస్ ఎన్‌కోడింగులో చదివితే, తలపై వాలుగీత ఉన్న ఇంగ్లిషు చిన్న 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో మళ్లీ మళ్లీ వస్తాయి. ఈ వరస కనిపిస్తే ధైర్యం తెచ్చుకోవచ్చు, బైట్లు చాలావరకు పదిలంగా ఉన్నాయి, చదివిన తీరే తప్పు. విండోస్ మీద పైథాన్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే చాలాసార్లు 8డీ అనే బైటు దగ్గర ఎర్రర్ వస్తుంది. అది మన పొల్లు. పొల్లు గుర్తులోని మూడో బైటు 8డీ, ఆ పాత ఎన్‌కోడింగులో ఆ స్థానం ఖాళీ. తెలుగులో ప్రతి ఒత్తు వెనకా పొల్లు ఉంటుంది కాబట్టి రెండు మూడు మాటలు తిరక్కుండానే స్క్రిప్టు ఆగిపోతుంది. అదృష్టమే అనాలి. గజిబిజి బదులు ప్రశ్నార్థకాల వరస కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవాలి. ఒక్కో అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం దాచేశారు, అసలు అక్షరం పోయింది. నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం టేబుల్లోనే దాఖలై ఉన్నా అంతే. డీటీపీ కోసం అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితా అయితే అది అసలు యూనికోడ్ తెలుగే కాదు, ముందు కన్వర్టరులో మార్చుకోవాలి.

ఇంకా సూక్ష్మమైనది ఒకటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఉండేందుకు తెలుగులో విరివిగా వాడతాం. 'హైదరాబాద్‌లో' అని టైపు చేసి, 'లో' చెరిపేస్తే ఆ గుర్తు చివర మిగిలిపోవచ్చు. కంటికి ఏ తేడా ఉండదు. డేటాబేస్‌కు మాత్రం అది పది సంకేతాల వేరే ఊరు. ఖాళీలను కత్తిరించే 'ట్రిమ్' దీన్ని తాకదు, ఇది ఖాళీ కాదు కాబట్టి. ఐత్వానికీ ఇలాంటి చరిత్రే ఉంది. యూనికోడ్ దాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం మీద ఇంకో గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయనిస్తుంది, రెండూ సమానమేనంటుంది. ఖమ్మం జిల్లా 'వైరా'ను రెండు ఫైళ్లలో రెండు విధాలుగా రాస్తే, మామూలు పోలికలో పోస్ట్‌గ్రెస్ వాటిని రెండుగానే చూస్తుంది. నార్మలైజ్ చేశాకే, అంటే రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చాకే పోల్చాలి. ఆ సౌకర్యం పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉంది, పైథాన్‌లో అంతకుముందు నుంచే ఉంది.

ఇన్ని తప్పులను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోవడం కష్టం. లెక్క సరిచూసే అలవాటు ఒక్కటి వీటిలో చాలావాటిని పట్టిస్తుంది. ఫైల్లో వరుసలెన్ని, టేబుల్లోకి ఎక్కినవెన్ని, తిరస్కరించినవెన్ని. రెండోదీ మూడోదీ కలిపితే మొదటిది రావాలి. ఒక్కటి తేడా వచ్చినా పని ముగిసినట్టు కాదు. 'మొత్తం' అనే కాలమ్ కూడిక రెండుచోట్లా ఒకటిగా ఉండాలి. 1,25,000 లాంటి అంకెల్లోని కామాలు దాని దగ్గర దొరికిపోతాయి. అతి పాత తేదీ, అతి కొత్త తేదీ చూడాలి. లినక్స్‌లో లైన్లు లెక్కపెట్టే ఆదేశం నిజానికి లైను మార్పు గుర్తులను లెక్కపెడుతుందని గుర్తుంచుకోవాలి. చివరి వరుసకు ఆ గుర్తు లేకపోతే ఒకటి తక్కువ చూపిస్తుంది, గడి లోపల లైను మార్పులుంటే ఎక్కువ చూపిస్తుంది.

2020లో ఇంగ్లండ్‌లో ఈ లెక్క తప్పింది. కోవిడ్ పరీక్షలు చేసే ల్యాబులు ఫలితాలను సీఎస్‌వీ ఫైళ్లుగా పంపేవి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాటిని ఎక్సెల్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలోకి ఎక్కించి ముందుకు పంపేది. ఆ రూపంలో 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో కేసుకు అనేక వరుసలు కావాలి, కాబట్టి హద్దు అనుకున్నదానికంటే చాలా ముందే వచ్చింది. మించినవి బయటే ఉండిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. రోగులకు తమ ఫలితం తెలిసింది. వారితో మెలిగినవారిని వెతికి హెచ్చరించాల్సిన సిబ్బందికి మాత్రం ఆ పేర్లు సకాలంలో చేరలేదు. అంటువ్యాధి వేగంగా పాకుతున్న వారమది.

అందుకే ఫైలును నేరుగా అసలు టేబుల్లోకి పంపకుండా ముందు ఒక స్టేజింగ్ టేబుల్లోకి ఎక్కించే పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను. అందులో కాలమ్‌లన్నీ మామూలు టెక్స్టే. తేదీ అయినా, మొత్తం అయినా ఫైల్లో ఎలా ఉందో అలాగే వచ్చి పడుతుంది. ప్రతి వరుస పక్కనా ఫైలు పేరు, వరుస నంబరు ఉండాలి. లెక్క అక్కడ సరిచూసుకుని, తర్వాత ఎస్‌క్యూఎల్‌తో ప్రశ్నలు వేయాలి: తేదీ రూపంలో లేని తేదీలెన్ని, 12 అంకెలు లేని ఆధార్‌లెన్ని, మన ఊళ్ల జాబితాలో లేని ఊరి పేర్లెన్ని. నియమాలకు సరిపోయినవే అసలు టేబుల్లోకి వెళ్లాలి, అదీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, స్క్రిప్టును రెండోసారి నడిపినా వరుసలు రెట్టింపు కాని విధంగా. మిగిలినవి తిరస్కరణ టేబుల్లో, కారణంతో సహా ఉండాలి. ఇందుకు ఒక పూట పని ఎక్కువవుతుంది, డిస్కులో కొంత చోటు పోతుంది.

తిరస్కరించిన వరుసలను స్క్రిప్టు రాసినవాళ్లు తమ ఊహతో దిద్దకూడదు. ఫైలు పేరు, వరుస నంబరు, కారణం రాసి, జాబితా తయారుచేసిన మండల కార్యాలయానికే తిప్పి పంపాలి. 03/04 అంటే మార్చా ఏప్రిలా అన్నది, ఆ ఖాతా నంబరు మొదట్లో సున్నా ఉందా లేదా అన్నది దరఖాస్తు కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఒక్క నిమిషంలో చూసి చెప్పగలరు.